దసరాకు విదేశీ అతిథులు: మన యాట కూర పెట్టాలా, వాళ్ల నోటికి తగ్గట్టు మార్చాలా?

మిర్యాలగూడ (అడిగినవారు):
మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. వాళ్ల ఆఫీసుకు వచ్చిన ఇద్దరు జర్మనీ వాళ్లను, ఒక జపాన్ అమ్మాయిని దసరాకు మా ఊరికి తీసుకొస్తున్నాడు. ఇంట్లో అప్పుడే రెండు పార్టీలయ్యాయి. మా అత్తమ్మ, "మన పండుగకు వస్తున్నరు, మనం తినేదే పెడదాం" అంటుంది. అంటే బగారన్నం, యాట కూర, పచ్చిపులుసు, గారెలు. చాప మీద కూర్చోబెట్టి మోదుగాకు విస్తరిలో వడ్డించాలని ఆమె కోరిక. మా మరిది మాత్రం క్యాటరింగ్ వాళ్లతో నూడుల్స్, పనీర్, నాన్ చేయిద్దాం, టేబుళ్లు వేద్దాం అంటున్నాడు. వాళ్లకు కడుపు పాడైతే పరువు పోతుందని అతని భయం. నాకు టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

సూర్యాపేట:
మీ మరిది మాట కొట్టిపారేయకండి. అతిథి సగం ఆకలితో లేచిపోతే మన సంప్రదాయం ఎవరి కోసం? మన యాట కూర కారం వాళ్లు తట్టుకోలేరు. కింద కూర్చోవడం అలవాటు లేనివాళ్లకు పది నిమిషాల్లో కాళ్లు తిమ్మిరెక్కుతాయి. తిండి మీద ధ్యాస ఎక్కడుంటుంది?

వనపర్తి, ఇప్పుడు ష్టుట్‌గార్ట్ (జర్మనీ):
అక్కా, నేను ఇక్కడ అతిథిగా కూర్చున్నవాణ్ణి, ఆ వైపు నుంచి చెబుతాను. మొదటి ఏడాది క్రిస్మస్ ముందు రాత్రి మా టీమ్‌లో ఒకాయన ఇంటికి పిలిచాడు. ఆ రాత్రి ఇక్కడ చాలా ఇళ్లలో తినేది బంగాళాదుంప సలాడ్, సాసేజీలు. అంతే, చాలా సాదా తిండి. వాళ్లు నా కోసం వంట మార్చలేదు. కానీ వారం ముందే "మీరు ఏ మాంసం తినరు?" అని అడిగారు. పంది మాంసం తిననని చెప్పాను. కోడి మాంసంతో చేసిన సాసేజీలు నాకు విడిగా తెచ్చి పెట్టారు. అందరితో పాటు అదే బల్ల మీద, అదే సలాడ్‌తో తిన్నాను. వాళ్లు నాకు ఏదో ప్యాకెట్ కూర తెచ్చి పెట్టి ఉంటే ఆ రాత్రి నేను ఆ ఇంట్లో పరాయివాణ్ణే. నూడుల్స్ తినడానికి వాళ్లు మిర్యాలగూడ దాకా రావాలా? అత్తమ్మ చెప్పిందే చేయండి.

కారం సంగతి. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కాబట్టి మంటెక్కితే నీళ్లు తాగించకండి, గడ్డ పెరుగు ఇవ్వండి. కూర దించేముందు వాళ్లకు ఒక గిన్నె తక్కువ కారంతో తీసిపెట్టడం కాదు, మొదటే రెండు గిన్నెల్లో వండాలి. కారం పడ్డాక ఎవరూ వెనక్కి తీయలేరు.

నాగర్‌కర్నూల్:
కారం, కుర్చీలు తర్వాత. ముందు వాళ్లకు పల్లీలు పడతాయో లేదో అడగండి.

మా పాలమూరు వైపు పల్లీ లేని వంట దొరకదు. పులిహోరలో పల్లీ, వంకాయ కూరలో పల్లీ, చాలా ఇళ్లలో నూనె కూడా పల్లీదే. కొన్నేళ్ల కింద సద్దుల బతుకమ్మ రోజు మా ఇంటికి బయటి దేశం నుంచి ఒక కుటుంబం వచ్చింది. చెరువు దగ్గర బతుకమ్మలను సాగనంపాక, "ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం" అంటూ వాళ్ల పాప చేతిలో కూడా పల్లీల సత్తుపిండి పెట్టాం. పాప సంతోషంగా నోట్లో వేసుకుంది. కాసేపటికే పెదాలు వాచాయి, ఒంటి మీద దద్దుర్లు లేచాయి. వాళ్ల అమ్మ బ్యాగులో ఇంజెక్షన్ ఉంది, వెంటనే తొడకు వేసింది. ఆసుపత్రికి తీసుకెళ్లి ఆ రాత్రంతా అక్కడే ఉన్నాం. పాప బాగుంది. కానీ ఆ పిడికెడు పిండి నేను పెట్టిందే. మేము అడగలేదు, వాళ్లకు అందులో ఏముందో తెలియదు. ఇప్పటికీ సత్తుపిండి కలిపేటప్పుడు నా చెయ్యి ఆగుతుంది.

పల్లీ, నువ్వు, జీడిపప్పు, పాలు, గుడ్డు, గోధుమ, రొయ్య పేర్లు చెప్పి మరీ అడగండి. పడదంటే ఆ గిన్నెకు గరిటె కూడా వేరే ఉండాలి. ఆ పల్లీ నూనెలో గారెలు కాల్చి వాళ్లకు పెట్టొద్దు.

మర్రిగూడ:
నీళ్ల గురించి నేను చెబుతాను, మా మండలం ఫ్లోరైడ్‌తో ఎంత నలిగిందో మీ అందరికీ తెలుసు. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగితే ఎముకలను తింటుంది, ఒక పూట అతిథికి దానితో భయం లేదు. మరిగించినా అది పోదు. అతిథికి ఇబ్బంది తెచ్చేది క్రిములు, అవి మరిగిస్తే చస్తాయి. పచ్చిపులుసు పొయ్యి ఎక్కదు, అందరూ మరిచేది అక్కడే. చింతపండు మరిగించి చల్లార్చిన నీళ్లలోనే పిసకండి. ఉల్లిగడ్డ, కొత్తిమీర కడగడానికీ అవే వాడండి.

హాలియా:
అందరూ అతిథి గురించే మాట్లాడుతున్నారు. వండేది ఎవరు? దసరాకు ముందు తొమ్మిది రోజులు బతుకమ్మ పేర్చి, సద్దులు కట్టి, దసరా పొద్దున మళ్లీ రెండు గిన్నెల కూర, గారెలు, బగారన్నం. మగవాళ్లు యాటను కోసి పోగులు వేసి ఇచ్చి, సాయంత్రం జమ్మి దగ్గరికి పోతారు. అక్కా, మీరు కూడా పాలపిట్టను చూడాలి, జమ్మి తేవాలి, వాళ్లతో కూర్చొని తినాలి. నాలుగు వంటలకు మించొద్దు. గారెల పిండి రుబ్బడం, ఉల్లిగడ్డలు కోయడం మీ మరిదికి అప్పజెప్పండి. క్యాటరింగ్ కావాలన్నది ఆయనే కదా, సాయం అవసరమని ఆయనకూ తెలుసు.

సూర్యాపేట:
పల్లీ సంగతి నేను ఆలోచించలేదు. అది చదివాక నా కారం మాట చిన్నదైపోయింది. వండేది మన వంటే కానివ్వండి. కానీ కుర్చీ విషయంలో నా మాట మీదే ఉన్నాను. చాప, బల్ల రెండూ వేసి ఉంచండి, వాళ్లకు ఏది సుఖమో వాళ్లే కూర్చుంటారు.

మిర్యాలగూడ (అడిగినవారు):
రాత్రే అబ్బాయితో అడిగించాను. జపాన్ అమ్మాయికి పల్లీ, జీడిపప్పు రెండూ పడవట. మా ఇంట్లో మసాలాకు జీడిపప్పు నూరేది అత్తమ్మే, ఇంతవరకూ మాకు ఆ ఆలోచనే లేదు. ఆమె విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వుల నూనె తెప్పించు, మసాలాకు ఎండుకొబ్బరి నూరుతా" అంది. నువ్వులు పడతాయో లేదో అబ్బాయిని మళ్లీ అడగమన్నాను. మరిది ఇంకా అలిగే ఉన్నాడు గానీ, మోదుగాకులు మాత్రం తనే తెస్తానన్నాడు.