హంపి రాతిరథం మీద ఇటుక గోపురం ఏమైంది?

మొన్న సెలవులకి హంపి వెళ్ళొచ్చాం. 50 రూపాయల నోటు వెనక ఉండే రాతిరథం అసలు రథమే కాదట, విఠలస్వామికి ఎదురుగా కట్టిన గరుత్మంతుడి గుడి అట! ఇన్నాళ్ళూ తెలియనందుకు కాస్త సిగ్గేసింది. ముందున్న ఏనుగుల వెనక గుర్రాల తోకలు, వెనక కాళ్ళు ఇంకా కనిపిస్తున్నాయి. అంటే మొదట లాగింది గుర్రాలే కదా?

1856లో గ్రీన్‌లా అనే బ్రిటిష్ సైనికాధికారి తీసిన ఫొటోలో పైన ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది, ఇప్పుడు లేదు. దాన్ని ఎప్పుడు, ఎందుకు తీసేశారు? ఏనుగుల్ని ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టారు? లోపలి గరుడ విగ్రహం ఎటు పోయింది? శాసనాలు చదివినవాళ్ళు, పాత ఫొటోలున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. గైడు చెప్పే కథలు వద్దండీ, అవి బోలెడు విన్నాను.