బాబుకి పొత్తికడుపు నొప్పి, సాయంత్రం దాకా ఆగొచ్చా?

గాజువాక అమ్మ:
మా బాబుకి 13 ఏళ్ళు, తెల్లారుజామున 5కి లేచి పొత్తికడుపు నొప్పని ఏడుస్తున్నాడు, రెండుసార్లు వాంతి అయింది, జ్వరం లేదు. మా అత్తయ్య గ్యాస్ అంటే వాము నీళ్ళు పట్టాం, తగ్గలా. గట్టిగా అడిగితే ఇప్పుడు చెప్పాడు కింద ఒకవైపు వాచిందట. డాక్టర్ గారు సాయంత్రమే వస్తారు, ఆగొచ్చా?

పిల్లల వార్డు నర్స్:
ఆగొద్దండీ, ఇప్పుడే బయల్దేరండి. వృషణం మెలితిరిగితే రక్తం అందదు, టార్షన్ అంటారు, 6 గంటల్లోపు ఆపరేషన్ అయితే ఎక్కువశాతం దక్కుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ తీసేయాల్సి రావచ్చు. కేజీహెచ్ (విశాఖ పెద్దాసుపత్రి) అయితే క్యాజువాలిటీకే, అంటే ఎమర్జెన్సీకే వెళ్ళండి ఓపీ లైన్లో నిలబడకండి, బండి లేకపోతే 108. తిండి, నీళ్ళు ఏమీ పెట్టొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. నొప్పి 5కి మొదలైందని ముందే చెప్పండి.

మద్దిలపాలెం బాబాయ్:
మా అన్నయ్య కొడుక్కి ఇదే, సిగ్గుపడి కడుపునొప్పనే చెప్పాడు. రక్తం అందుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్ తీశారు, ఆపరేషన్‌లో మెలిక విప్పి మళ్ళీ తిరక్కుండా రెండోవైపు కూడా కుట్టేశారు.

ఎంవీపీ కుర్రాడు:
అన్నీ టార్షనే కాదు కదా, వృషణం పక్కనుండే చిన్న ముక్క తిరిగినా వాస్తుంది, దానికి చాలాసార్లు మందులే చాలు.

పిల్లల వార్డు నర్స్:
నిజమే, కానీ అది ఇంట్లో తేల్చేది కాదు బాబూ.

గాజువాక అమ్మ:
ఆటోలో ఉన్నాం, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర. వాళ్ళ నాన్న స్టీల్‌ప్లాంట్ డ్యూటీలో ఉన్నారు, ఆపరేషన్‌కి సంతకం నేను పెట్టొచ్చా?

పిల్లల వార్డు నర్స్:
తల్లి సంతకం చాలమ్మా.