మెల్లో ఫైనల్ ఎల్లుండే: మోన్స్‌ని పంపాలా, ఆవిరి గది పాటని పంపాలా?

సోల్నా_శీను | 6 మార్చి 2025, రాత్రి 9:40

ఫిబ్రవరి 1న లూలియోలో మొదలైన స్వీడన్ పాటల పోటీ మెలోడీఫెస్టివాలెన్ (మెల్లో) ఊరూరా తిరిగి తిరిగి చివరికి మా ఇంటి పక్కనున్న స్ట్రాబెర్రీ అరీనాకి చేరింది. శనివారం రాత్రి 8కి ఫైనల్. 12 పాటలు. గెలిచినవాళ్ళు మే నెలలో బాసెల్‌లో జరిగే యూరప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్‌కి స్వీడన్ తరఫున వెళ్తారు. స్వీడన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట: ఐదు వారాలుగా సోమవారం పొద్దున ఆఫీసు కాఫీ దగ్గర అందరూ "మెల్లో, మెల్లో" అంటున్నది దీని గురించే.

నా ఓటు గాయకుడు మోన్స్ జెల్మెర్‌లోవ్‌కి. దాచేదేముంది. 2015 మార్చిలో నేను ఈ దేశానికి వచ్చి మూడు వారాలు. ఇంకో అద్దెదారు దగ్గర తీసుకున్న గది, తెలిసినవాళ్ళు లేరు, బయట మంచు. ఒక కొలీగ్ జాలిపడి ఫైనల్ చూద్దువు రమ్మని ఇంటికి పిలిచాడు. ఆ రాత్రి మోన్స్ గెలిచాడు, మే నెలలో వియన్నాలో కప్పు కొట్టుకొచ్చాడు. పదేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చాడు. ఎదురుగా ఉన్నదేమో తువ్వాళ్ళు కట్టుకున్న డ్యాన్సర్లతో ఆవిరి స్నానం మీద కామెడీ పాట, "బారా బాదా బాస్తు". కాయ్ అనే ముగ్గురి బృందం. సరదాగా ఉంది, కాదనను. కానీ దేశం తరఫున పంపేది సరదానా?

హన్మకొండ_హరి | 6 మార్చి, రాత్రి 10:05

శీనన్నా, సరదా అయితే తప్పేంది? మా అమ్మ వీడియో కాల్ల గా పాట ఇని "వాస్తు పాటనారా?" అన్నది. నవ్వలేక సచ్చిన. బాస్తు అంటే ఆవిరి గది అని చెప్పేసరికి, అండ్ల ఏం పాటరా అని మళ్ళ పెట్టమన్నది. మూడుసార్లు ఇన్నది. మీ మోన్స్ పాట పెడితే "మంచిగనే ఉన్నది" అని ఫోన్ పెట్టేసింది. గంతే తేడా.

లుండ్_లలిత | 6 మార్చి, రాత్రి 10:31

హరి గారూ, మీ అమ్మగారు జ్యూరీలో లేరు కదా, అదే చిక్కు. ఫైనల్లో సగం పాయింట్లు విదేశీ జ్యూరీలవి. మిగతా సగం యాప్‌లో, ఫోన్‌లో మనం వేసే ఓట్లవి.

యూరోవిజన్‌లోనూ ఇదే పద్ధతి. 2023లో స్వీడన్ గాయని లొరీన్‌కి ప్రేక్షకుల పాయింట్లు 243 వస్తే ఫిన్లాండ్ కాయారియాకి 376 వచ్చాయి. అయినా కప్పు ఎవరిది? జ్యూరీలు 340 ఇచ్చాయి కాబట్టి లొరీన్‌ది. మీ మోన్స్ కూడా అంతే శీను గారూ, 2015లో ప్రేక్షకుల లెక్కలో మూడోవాడు, ఇటలీ, రష్యాల వెనక. కప్పు కావాలంటే మోన్స్‌ని పంపడమే తెలివి. నాకు ఆ పాట పెద్దగా నచ్చలేదు, పదేళ్ళ నాటి కూరని వేడి చేసి పెట్టినట్టుంది. అయినా అదే అంటాను.

హన్మకొండ_హరి | 6 మార్చి, రాత్రి 10:50

అక్కా, గదే లెక్కల బుక్కుల ఇంకో పేజీ తియ్యి. 2018, స్వీడన్ పంపిన బెంజమిన్ ఇంగ్రోస్సో. జ్యూరీలు 253 ఇచ్చిన్రు. జనం ఎంత ఇచ్చిన్రు? 21. ఇరవై ఒక్కటి! ఏడో ప్లేసు. పాలిష్ కొట్టిన పాట, లైటింగ్ మస్తు, ఎవ్వనికీ యాదికి లేదు. నిరుడు నార్వే కవలలను పంపిన్రు, పోటీ స్వీడన్‌లనే, మాల్మోల, అయినా తొమ్మిదో ప్లేసు. ఏడాదికోసారి గదే ఫ్యాక్టరీ సరుకు పంపుతుంటే యూరప్ జనం ఎన్నిసార్లని కొంటరు?

కిస్టా_కుర్రాడు | 6 మార్చి, రాత్రి 10:52

నాకు తెలిసిన ఫైనల్ ఆదివారం దుబాయ్‌లో, న్యూజిలాండ్ మీద మన క్రికెట్ మ్యాచ్. ఈ గోలేంటి బాబూ.

వాసా_వాణి | 7 మార్చి, ఉదయం 7:15

నేను ఈ గొడవని పక్క దేశం ఫిన్లాండ్ నుంచి చూస్తున్నాను, మాట్లాడొచ్చా? కాయ్ వాళ్ళ ఊరు వోరో. మేముండే వాసా నుంచి కారులో అరగంట. కెవిన్, అక్సెల్, యాకోబ్, ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలే ఆ కాయ్. అంటే స్వీడన్ పోటీలో పాడుతున్నది ఫిన్లాండ్ వాళ్ళు. ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాట్లాడేవాళ్ళు నూటికి ఐదుగురు, అందులో వోరో యాస మరీ వేరు. మా టీమ్‌లో స్టాక్‌హోమ్ నుంచి వచ్చినాయనకి సగం అర్థం కాదు.

శీను గారు "కామెడీ పాట" అని పక్కన పెట్టేశారు. వీళ్ళు 2009 నుంచీ ఆ యాసలోనే పాటలు కడుతున్నారు, నాటకాలు వేస్తున్నారు. పోయిన వారం ఆఫీసు సౌనాకి వెళ్ళాను. ఆడవాళ్ళం ఐదుగురం, 80 డిగ్రీలు, ఎప్పటిలాగే ఎవరూ నోరు విప్పరు. ఒకావిడ గరిటెతో రాళ్ళ మీద నీళ్ళు పోసింది, చుయ్యిమంది, ఆవిరి చెవుల దాకా వచ్చింది. మా అకౌంట్స్ మేడమ్, ఏడాదిలో నాతో పది మాటలు మాట్లాడని మనిషి, కళ్ళు మూసుకుని ఆ పాట కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. ఆవిడది వోరో పక్క పల్లె. తన ఇంటి భాష టీవీలో ఇన్ని లక్షలమంది వినడం ఇదే మొదటిసారి అంది. అది పదకొండో మాట.

లుండ్_లలిత | 7 మార్చి, ఉదయం 8:02

వాణి గారూ, బాగా చెప్పారు. కానీ నాకున్న అనుమానం అక్కడే. ఆ యాసని జనం ప్రేమిస్తున్నారా, చూసి నవ్వుతున్నారా? మన సినిమాల్లో తెలంగాణ యాస, శ్రీకాకుళం యాస ఎన్నేళ్ళు కమెడియన్‌కీ విలన్ పక్కనుండే వాడికీ మాత్రమే ఇచ్చారు? హీరో మాత్రం "శుద్ధ" తెలుగే.

హన్మకొండ_హరి | 7 మార్చి, ఉదయం 8:20

అక్కా, గది నన్నడుగు. గా యాస పెట్టి మాట్లాడింది మావోళ్ళు కాదు, రాసింది మావోళ్ళు కాదు, నవ్వింది మా మీద. గందుకే కాలింది. గీ పాట రాసినోళ్ళల్ల గీ ముగ్గురు కూడ ఉన్నరు, వాళ్ళ మీద వాళ్ళే జోకులేస్కుంటున్నరు. మైకు ఎవని చేతిల ఉన్నదన్నదే లెక్క. నేను గీడ యాసల రాస్తే మీరు నవ్వుతున్నరా? నవ్వినా నాకేం బాధ లేదు.

ఇంకొకటి. స్వీడన్ చివరిసారి స్వీడిష్‌ల పాడింది 1998ల. 2006ల కరోలా గీడ స్వీడిష్‌ల గెలిచి ఏథెన్స్ పొయ్యి ఇంగ్లిష్‌ల పాడింది. 27 ఏండ్ల సంది సొంత భాష యూరోవిజన్ స్టేజి ఎక్కలే. ఎక్కితే ఫిన్లాండ్ పోరల నోట ఎక్కాల్సొస్తున్నది. సిగ్గు ఎవరికన్నా?

సోల్నా_శీను | 7 మార్చి, మధ్యాహ్నం 12:10

1998 అని నాకు తెలియదు. అది కాస్త గట్టిగానే తగిలింది, ఒప్పుకుంటాను. అయినా లలిత గారి లెక్క లెక్కే: జ్యూరీలకి ఆ యాస ఏం తెలుసు? వాళ్ళకి గొంతు, స్టేజి, కెమెరా. ఆ మూడూ మోన్స్ దగ్గర ఉన్నాయి. 2014 మెల్లో ఫైనల్లో సన్నా నీల్సెన్ ఏస్ వైల్డర్ మీద రెండంటే రెండు పాయింట్లతో గెలిచింది, 212, 210. ఈసారీ అలాగే తేలుతుందని నా లోపల ఏదో కొట్టుకుంటోంది. వారం నుంచి సరిగ్గా నిద్ర లేదు. మా ఆవిడ "సొంత తమ్ముడి పెళ్ళికి కూడా ఇంత టెన్షన్ పడలేదు" అంటోంది.

సోల్నా_శీను | 8 మార్చి, సాయంత్రం 6:50

నిన్న సాయంత్రం పాపని డ్రెస్ రిహార్సల్‌కి తీసుకెళ్ళాను. ఏడేళ్ళది. అరీనా నిండా దాని ఈడు పిల్లలే, చెవులకి పెద్ద పెద్ద ఇయర్ మఫ్‌లు. మోన్స్ వచ్చినప్పుడు నేను లేచి నిలబడ్డాను, చప్పట్లు బాగానే పడ్డాయి. కాయ్ వచ్చినప్పుడు నేను లేవలేదు, లేవకపోతే ఏమీ కనబడలేదు. ముందు వరసలో డెబ్భై దాటిన ఒక పెద్దాయన చేతికర్ర పైకెత్తి ఊపుతున్నాడు.

ఫ్రిజ్ మీద పాప వేసిన మార్కుల పట్టిక ఉంది, 12 పేర్లు. మోన్స్ పక్కన మొన్న 9 ఉండేది, ఇవాళ దాన్ని 7 చేసింది. అడిగితే "నువ్వు బాధపడతావని 6 వెయ్యలేదు నాన్నా" అంది. యాప్‌లో పాటకి ఐదు హృదయాలు నొక్కొచ్చు, 3 నుంచి 9 ఏళ్ళ పిల్లలకి వేరే గుంపు, ఆ గుంపు 12 పాయింట్లకీ 75 దాటినవాళ్ళ 12కీ ఒకటే బరువు. దాని టాబ్లెట్‌లో యాప్ నేనే ఎక్కించాను, వయసు కూడా నేనే కొట్టాను. నా ఫోన్ మాత్రం నా చేతిలోనే ఉంటుంది.

హరీ, చిప్స్ తెస్తానన్నావు, గంటే ఉంది. ఎక్కడున్నావు?

హన్మకొండ_హరి | 8 మార్చి, సాయంత్రం 6:58

సోల్నా స్టేషన్ల దిగిన అన్నా. తువ్వాల కూడా తెచ్చిన.