గడి దాఁటినపుడేనా, గడ దాఁటినపుడేనా?

బరంపురం శ్రోత:
ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి బాలాజీ పంచరత్నమాల అయిదు ఎల్పీలూ వరసగా వినడం ఇదే మొదలు. ఒక్కో పాట ఫోన్లో విడివిడిగా తెలిసినవే, కానీ ఒక పక్క మొదలుపెట్టి సూది లేచేదాకా కదలకుండా వింటే గానీ ఇదెంత పనో తెలియదు. సుబ్బులక్ష్మిగారు ఒక్క అక్షరాన్ని కూడా నీళ్లలో కలపలేదు. అందుకే ఒక్క మాట దగ్గర చిక్కుపడ్డాను. అన్నమయ్య పాట ‘నానాటి బదుకు’ రెండో చరణం, ‘వొడిఁ గట్టుకొనిన వుభయ కర్మములు’ తర్వాత వచ్చే పాదం. నా చెవికి ‘గడియ దాటినపుడే కైవల్యము’ అని పడుతోంది. అచ్చులో ‘గడి’ అని చూసినట్టు లీలగా గుర్తు. ఏది సరి?

గుణుపురం:
గడియ పొసగదు. అర్థం సంగతి తర్వాత, ముందు మాత్రలు లెక్కపెట్టండి (కురచ అక్షరానికి ఒకటి, దీర్ఘానికీ ఒత్తు ముందు అక్షరానికీ రెండు). నాటకం, కైవల్యం అనే మాటల ముందు ప్రతిచోటా ఎనిమిదే. నానాఁటి బదుకు, ఎనిమిది. కానక కన్నది, ఎనిమిది. నట్టనడిమి పని, కట్టఁ గడపటిది, నడమంత్రపు పని, నగి నగి కాలము, గగనము మీఁదిది, అన్నీ ఎనిమిదే. ‘గడి దాఁటినపుడె’ అని చివర కురచ చేస్తే ఎనిమిది, ‘పుడే’ అని సాగదీస్తే తొమ్మిది. గడియ పెడితే కురచ చేసినా తొమ్మిది, సాగదీస్తే పది. అంత ఇరుకు పాదంలో అన్నమయ్య రెండు మాత్రలు ఊరికే పారబోయడు.

రాయగడ వాసి:
గడియ కాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే గడి కూడా కాదు. గడ. కోట. మా వైపు ఏ ముసలాయన్ని అడిగినా చెబుతాడు. నయాగడ, సుందర్‌గడ, మా రాయగడ, అన్నీ కోటలే. దేహం ఒక కోట. పుణ్యం ఒకటి, పాపం ఒకటి ఒడిలో మూటగట్టుకుని కోట దాటితే కైవల్యం. మీ మాత్రల లెక్కకి గడ కూడా సరిగ్గా సరిపోతుంది, చూసుకోండి.

గుణుపురం:
సరిపోతుంది, నిజమే. ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, డకారం (కుడి, నడ, వొడి, గడి), దానికి హల్లుతోనే పని, అచ్చు ఏదైనా ఒకటే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ దొరికే జత, గ–కై, అదీ రెంటికీ చెల్లుతుంది. మాత్ర, యతి, ప్రాస ముగ్గురు సాక్షులూ ఇద్దరి వైపూ చెబుతున్నారు.

ఈ పాటలో యతి పని ఎవరైనా పట్టించుకున్నారా అసలు? పుట్టుటయు–పోవుటయు, కుడిచేది–కోక, వొడి–వుభయ, తెగదు–తీరదు. ‘యెట్టనెదుటఁ గలదీ ప్రపంచము’లో కూడా ఉంది, ‘గలది ఈ’ అని విడదీస్తే ఎ–ఈ స్వరయతి. వినేవాడికి మాట్లాడుతున్నట్టే ఉంటుంది, లోపల బిగింపు మాత్రం పద్యానిది.

పర్లాకిమిడి:
రాయగడ వారి ఊరి పేరులోనే గడ ఉంది కాబట్టి వారికి అలా వినబడడం సహజం :) తాళ్లపాక కడప సీమది. ఆ నేలకి ఒడియా గాలి తగలదు, కన్నడం తగులుతుంది. కన్నడంలో ఈనాటికీ గడి అంటే ఎల్ల, పొలిమేర. బదుకు అన్న మాట చూడండి, కన్నడంలోనూ అచ్చం అదే. ఒకే పాటలో ఇద్దరు చుట్టాలు దొరికారు. తెలుగులో ‘గడిదేఱు’ ఉండనే ఉంది, ఎల్ల ముట్టినవాడు, ఆరితేరినవాడు. కోట అర్థంతో ‘గడదేఱు’ అని ఎవరైనా విన్నారా?

ఇంకొక మాట. చాలామంది దీన్ని ‘బ్రతుకు’ అని దిద్దుతారు, అక్కడ క్రావడి (ర ఒత్తు) తగిలించకపోతే మర్యాద పోతుందన్నట్టు. 1880లో మా ఊరి రాజావారి బడిలో మాస్టారుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా కొట్లాడింది ఈ దిద్దుబాటు మీదే కదా. ‘కుడిచేదన్నము’ చూడండి. కుడిచేది అన్నము. నోట్లో ఎలా కలిసిపోయిందో, పాటలు చెక్కిన రాగి రేకు మీద అలాగే వేశారు.

ఛత్రపురం సూది:
మాట తేల్చేముందు సూది సంగతి తేల్చండి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది, కానీ అంచు గాడిలో సూది కింద సెకనుకి సుమారు 51 సెంటీమీటర్ల గాడి నడిస్తే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21 సెంటీమీటర్లే. అదే అక్షరం సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. పక్క చివరి పాటలో మాటలు గరగరమనేది అందుకే, పాడినవారి తప్పు కాదు. సూది మొన అరిగితే మొదట పోయేవి పై ధ్వనులు. ఇకారం బతికేది ఆ పై ధ్వనుల మీదే. అవి పోతే ‘డి’ మసకబారుతుంది. రాయగడవారి కోట అరిగిన సూది కట్టిన కోట కావచ్చు.

చేయాల్సింది ఇదీ. సూది రికార్డు మీద మోపే బరువు ముందు చూడండి. అయస్కాంతం కార్ట్రిడ్జి (సూది బిగించే డబ్బీ) అయితే ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాములు, పాత పెట్టె ప్లేయర్లలోని సిరామిక్ అయితే నాలుగు నుంచి ఆరు. రికార్డు అరుగుతుందని బరువు మరీ తగ్గిస్తారు చాలామంది, అది ఇంకా చెరుపు. సూది గాడిలో ఎగిరెగిరి గోడల్ని కొడుతుంది. తర్వాత వేగం. 50 హెర్ట్జ్ కరెంటుకి, వేగం చూసే స్ట్రోబ్ చక్రం మీద 180 గీతలు ఉండాలి, తిరిగేటప్పుడు అవి నిలబడ్డట్టు కనబడాలి. ఎల్‌ఈడీ బల్బు కింద చూసి ‘గీతలు అలుక్కుపోయాయి’ అంటారు, చాలా ఎల్‌ఈడీలు ఆ లెక్కన మినుకుమనవు. పాత ఫిలమెంటు బల్బో నియాన్ దీపమో పెట్టండి.

కడగడం: డిస్టిల్డ్ నీళ్లు మూడు వంతులు, ఐసోప్రొపైల్ స్పిరిట్ ఒక వంతు, గిన్నెల సబ్బు ఒక్క చుక్క. మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే తిప్పాలి, అడ్డంగా రుద్దితే గీత పడుతుంది. లేబుల్ తడవకూడదు. చివర ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో మరోసారి, అరగంట నిలువుగా ఆరబెట్టాలి. గోపాల్‌పూర్ గాలికి బూజు పట్టిన రికార్డులకి ఇది రెండుసార్లయినా కావాలి. 78 రికార్డుల మీద మాత్రం ఈ నీళ్లు పొయ్యకండి. అవి లక్క, స్పిరిట్ తగిలితే కరుగుతాయి.

రాయగడ వాసి:
కోట కూల్చడానికి సబ్బు చుక్క చాలన్నమాట. బాగుంది.

గిరిసోల:
అందరూ ‘గడి’ పట్టుకుని ‘వొడి’ వదిలేశారు. ఇది సుంకం బేరం. ఒడిలో సరుకు కట్టుకున్నవాడికి ఎల్ల దాటేదాకా గుండె దడ, దాటాక ఎవడూ అడగడు. జీఎస్టీకి ముందు, అంటే 2017 జూలైకి ముందు, మా సరిహద్దు చెక్‌గేటు దగ్గర లారీలు బారులు తీరి నిలబడేవి. ఆ రోజులు చూసినవాడికి ఈ పాదానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. పుణ్యం కూడా సరుకే, దానికీ సుంకమే. అందుకే ‘వుభయ’ అన్నాడు.

పర్లాకిమిడి:
చమత్కారం బాగుంది గానీ, ఒడిగట్టడం అంటే పూనుకోవడం. ‘ఘాతుకానికి ఒడిగట్టాడు’ అని పేపర్లో రోజూ చదువుతున్నాం. మూటా లేదు, సుంకమూ లేదు. పూని చేసిన కర్మలు, అంతే.

గిరిసోల:
మరి పూనుకోవడం అనే అర్థం ఎక్కడ పుట్టింది మాస్టారూ? కొంగులో కట్టుకుని మోయడం లోంచి కాదా? ఒడిబియ్యం కట్టేది ఎందుకు? పేపరు వాడు మూట పారేసి ముడి ఒక్కటే ఉంచాడు. అన్నమయ్య దగ్గర రెండూ ఉన్నాయి.

పర్లాకిమిడి:
ముడి మాట బాగుంది. ఒప్పుకోను, కానీ బాగుంది.

గుణుపురం:
ఇలా రెండర్థాల మీద నిలబెట్టడం ఆయనకి అలవాటు. పల్లవిలోనే చూడండి, ‘కానక కన్నది కైవల్యము’. చూడక చూసింది అని వ్యాఖ్యాతలు వేదాంతం చెబుతారు. కానీ ‘కానక కన్న బిడ్డ’ అని మన ఇళ్లలో అనరూ? లేకలేక పుట్టినది. కను అంటే చూడడమూ, బిడ్డని కనడమూ. చరణం వెంటనే ‘పుట్టుటయు నిజము’ అని మొదలవుతోంది మరి. నా మటుకు పల్లవిలో బిడ్డే ఉంది. కైవల్యం లేకలేక కలిగిన సంతానం.

బరంపురం శ్రోత:
ఆ అర్థం తట్టనే లేదు. ఇకమీద ఆ పల్లవి వేరేలా వినబడుతుంది.

నా ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. కంప్యూటర్లోకి ఎక్కించి చూస్తే తేలుతుందా?

ఛత్రపురం సూది:
గడి–గడ వరకు తేలుతుంది. అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ నాలుగు సెకన్లు కత్తిరించి, శ్రుతి మారకుండా వేగం 70 శాతానికి దించి వినండి. తర్వాత స్పెక్ట్రోగ్రాం, అంటే ధ్వనిని పట్టీలుగా చూపే బొమ్మ, తెరవండి. ఇకారానికి కింది పట్టీ బాగా కిందే, రెండో పట్టీ 2000 హెర్ట్జ్ దాటి పైన ఉంటుంది. అకారానికి ఆ రెండూ దగ్గరికొస్తాయి. ‘డ’ తర్వాత పట్టీలు ఎటు పోతున్నాయో చూడండి, చెవిని నమ్మకండి. ఎమ్పీత్రీగా కాదు, వేవ్‌గా ఎక్కించండి. తంబురా గీతలు అడ్డొస్తాయి, అవి అడ్డంగా నిలకడగా ఉంటాయి కాబట్టి గుర్తుపట్టొచ్చు.

రాయగడ వాసి:
అందులో ‘గడి’ అని తేలినా నేను ఓడను. సుబ్బులక్ష్మిగారు పాడింది అచ్చు పుస్తకాన్ని బట్టి. రికార్డు సాక్ష్యం చెప్పేది అచ్చు గురించే, రేకు గురించి కాదు. తిరుమల గుడిలోని సంకీర్తన భండారం లోంచి రేకులు బయటికొచ్చింది 1922లో. వాటి మీద రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. ఈ రేవతి రాగం వరస నేదునూరి కృష్ణమూర్తిగారిది, విజయనగరం కాలేజీలో చదువుకున్న మనిషి, మన పక్కవాడే. రాగమే కొత్తగా కట్టినప్పుడు అక్షరం మాత్రం ఎందుకు మారకూడదు? రాగి మీద డకారానికి గుడి ఉందా లేదా, అది చూడాలి. గుడి ఉంటే గడి, లేకపోతే గడ.

గుణుపురం:
‘గుడి ఉంటే గడి’. పోనీ, దీంతో ఈ చర్చకి ఒక సామెత మిగిలింది. రేవతిలో గాంధారమూ ధైవతమూ లేవు, స రి మ ప ని అయిదే. గ లేని రాగంలో ‘గ’ తర్వాతి అక్షరం కోసం ఇంత గొడవ.

పర్లాకిమిడి:
రాయగడవారి మనసు కష్టపెట్టకుండా ఒక మాట. విజయనగరం నాటి వాడుకలో ‘గడిదుర్గం’ ఉంది. ఎల్ల మీద కట్టిన కోట. అన్నమయ్య కాలం అదే, సాళువ నరసింహరాయల రోజులు. ఆ చెవులకి గడి అనగానే ఎల్లా, దాన్ని కాసే కోటా రెండూ తోచి ఉంటాయి. కాబట్టి డకారానికి గుడి ఉంచుకుని కూడా మీ కోట మీరు ఉంచుకోవచ్చు.

గిరిసోల:
ఎల్ల మీద కోట ఉందంటే, కోట దగ్గర సుంకం ఠాణా ఉన్నట్టే.

రాయగడ వాసి:
సంధి వద్దు. గడ.

బరంపురం శ్రోత:
సరే, రెండో చరణం వదిలేద్దాం. మూడో చరణంలో ‘తెగదు పాపము తీరదు పుణ్యము’ తర్వాత వచ్చేది ‘నగి నగి కాలము’ అనే కదా? నాకు ‘నగ నగ’ అని పడుతోంది.

గుణుపురం:
ప్రాస గకారం, అచ్చు ఏదైనా ఒకటే. మాత్రలు ఎలా చూసినా ఎనిమిది.

ఛత్రపురం సూది:
ముందు సూది మార్చండి బాబూ.