‘గడ్డ కట్టింది’ అన్న నోటితోనే ‘గడ్డకట్టట్లేదు’ అంటే ఏమర్థమండీ?

అమలాపురం (ప్రశ్న వేసినవారు):
అందరికీ నమస్కారమండీ. మా వీధిలో కొబ్బరి దింపు తీసే కుర్రోడు చెట్టు మీంచి జారి పడ్డాడు. కాకినాడ తీసుకెళ్లేరు. స్కానింగ్ చూసి “తలలో రక్తం గడ్డ కట్టింది” అన్నారట. కాసేపటికి రక్తపరీక్ష కాగితం వచ్చాక “రక్తం గడ్డకట్టట్లేదు, ప్లాస్మా ఎక్కించాకే ఆపరేషన్” అన్నారట. ఈలోగా ఇంకెవరో “రక్తం పల్చబడిపోయింది” అని తేల్చేశారు. వాళ్లమ్మ ఫోన్ చేసి “మాస్టారూ, గడ్డ ఉందంటారు, గడ్డ కట్టదంటారు, ఏది నమ్మమంటారు?” అని అడిగింది. తెలుగు మాస్టారిని కదా అని నన్నడిగిందో, ఇంకెవరూ దొరక్క అడిగిందో! ఈ మూడు మాటల తేడా ఎవరైనా విడమరిచి చెప్పండి.

రాజోలు:
ఇబ్బంది డాక్టరుగారి వల్ల కాదు మాస్టారూ, మన ‘గడ్డ’ వల్ల. తలలో ‘గడ్డ’ అంటే పుర్రె లోపల ఒకచోట చేరి నిలిచిపోయిన నెత్తురు. ‘గడ్డకట్టట్లేదు’ అంటే కారే నెత్తురుకి తనంతట తాను ఆగే గుణం తగ్గిందని. మొదటిది వస్తువు, రెండోది గుణం. మిగతావాటికి మనకి మాటల కరువు లేదు: నెయ్యి పేరుకుంటుంది, పాలు తోడుకుంటాయి, పాకం ముదురుతుంది, పిండి ఉండకడుతుంది. నెత్తురు దగ్గరికొచ్చేసరికి అన్నిటికీ గడ్డే. చీముగడ్డా గడ్డే, కేన్సర్ గడ్డా గడ్డే. నయం, మన వైపు ఉల్లిపాయ అంటాం, ఉల్లిగడ్డ అనం.

కాకినాడ (ల్యాబ్‌లో పనిచేస్తాను):
ఆ రెండు మాటలూ నిజమేనండీ. పైగా దెబ్బ తగిలిన మెదడే రెండోదాన్ని తెచ్చిపెడుతుంది. మెదడు కణజాలంలో రక్తాన్ని గడ్డకట్టించే సరుకు చాలా ఎక్కువ. టిష్యూ ఫ్యాక్టర్ అంటారు. మామూలుగా అది నెత్తురుకి తగలదు. మెదడు నలిగితే వెళ్లి రక్తంలో కలుస్తుంది. దాంతో అక్కర్లేని చోట్ల కూడా గడ్డకట్టే పని మొదలై, గడ్డకి పోగుల్లా పనికొచ్చే ప్రోటీను ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి. కట్టినదాన్ని కరిగించే పని కూడా అదే జోరుమీద సాగుతుంది. ఇక అసలు కావాల్సిన చోట కట్టడానికి ఏమీ మిగలదు. తలకి తీవ్రమైన దెబ్బ తగిలినవాళ్లలో దాదాపు మూడోవంతు మందిలో ఇది కనిపిస్తుంది.

కాగితం మీద ఎలా ఉంటుందంటే, సుమారు 11 నుంచి 13 సెకన్లుండాల్సిన పీటీ (ప్లాస్మా గడ్డకట్టడానికి పట్టే సమయం) సాగుతుంది, దాన్నే అన్ని ల్యాబులకీ ఒకేలా సరిపోయేలా మార్చిన లెక్క, 1 దగ్గర ఉండాల్సిన ఐఎన్‌ఆర్ పైకెళ్తుంది, ప్లేట్‌లెట్లు లక్షన్నర కిందికి దిగుతాయి, కట్టిన గడ్డ కరిగితే వచ్చే డి-డైమర్ బాగా పెరుగుతుంది. మొదటి కాగితం బాగానే ఉండి, కొన్ని గంటల్లో తిరగబడొచ్చు. అందుకే మళ్లీ మళ్లీ తీస్తాం. “ఉన్న రక్తమంతా మీరే లాగేస్తున్నారు” అని బయట కూర్చున్నవాళ్లు మమ్మల్ని తిడతారు, ఏం చేస్తాం! నీలం మూత ట్యూబులో గీత దాకా రక్తం పడాలి కూడాను. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ (ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపేది) అని లెక్క. తక్కువ పడితే పీటీ లేనిపోని సెకన్లు చూపిస్తుంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ పీటీ పరీక్షని 1935లో ఆర్మండ్ క్విక్ అనే ఆయన తయారుచేసినప్పుడు ప్లాస్మాలో కలిపింది కుందేలు మెదడు నుంచి తీసిన పదార్థం! ఆ ట్యూబులో ఏం జరుగుతుందో, తల పగిలినవాడి ఒంట్లోనూ అదే జరుగుతోందన్నమాట.

మాస్టారూ, మూడో గడ్డ కూడా ఉందండోయ్. మొదట్లో రక్తం ఆగనివాడికే, కొన్నాళ్లు మంచాన పడున్నాక కాలి సిరలో గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు వాళ్లమ్మ మళ్లీ మీకే ఫోన్ చేస్తుంది.

తణుకు:
నన్నడిగితే ‘పల్చబడింది’ అన్న మాటని ఆసుపత్రి గుమ్మం తొక్కనివ్వకూడదు. మన జిల్లాల్లో రక్తం తక్కువైనా పల్చబడిందనే అంటారు. అది విన్న చుట్టాలు బీట్‌రూట్లూ దానిమ్మకాయలూ సంచుల్లో మోసుకొస్తారు. హిమోగ్లోబిన్ వేరు, ఇది వేరు.

నరసాపురం (మందుల షాపు):
మాటని పూర్తిగా వెళ్లగొట్టకండి సార్. రక్తం పల్చన చేసే ఎకోస్ప్రిన్ మాత్ర వేసుకునే పెద్దాయన బైకు మీంచి పడితే, ఆ సంగతి ఇంట్లోవాళ్లు చెప్పి తీరాలి. పీటీలో ఆ మాత్ర ప్రభావం కనబడదు. “మందులేమైనా వాడుతున్నారా” అంటే బీపీ మాత్ర, షుగర్ మాత్ర చెప్పి ఊరుకుంటారు. “రక్తం పల్చన చేసే మాత్ర ఉందా” అని అడిగితేనే, “ఆయ్, గుండె డాక్టరుగారు రాసింది ఉందండి” అంటారు. రోజూ చూస్తున్నదే.

తణుకు:
సరే, మాత్రకి ఉంచేద్దాం. జబ్బుకి మాత్రం ఒప్పుకోను.

రామచంద్రపురం:
రక్తం గడ్డకట్టడానికి పుస్తకాల మాట రక్తస్కందనం. చాలామంది ఒత్తు పెట్టి ‘స్కంధనం’ అని రాస్తారు, అది తప్పు. స్కంధం అంటే భుజం. సుశ్రుత సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయంలో కారే రక్తాన్ని ఆపే ఉపాయాలు నాలుగు చెప్పారు: సంధానం, స్కందనం, పాచనం, దహనం. అందులో స్కందనం చలవ చేత జరిగేది. అంచేత మాట పాతదే, గౌరవమైనదే. కానీ కొడుకు ఐసీయూలో ఉన్న తల్లితో ‘స్కందన లోపం’ అంటే ఆవిడ ఇంకా హడలిపోతుంది.

ఆత్రేయపురం:
ఇంత చర్చ దేనికండీ, మా అమ్మమ్మ మాట ఉందిగా! వేలు తెగితే “రక్తం కట్టిందా?” అనేది. విరేచనాలు కట్టాయి, దగ్గు కట్టింది అన్నప్పటి ‘కట్టు’ అది, ఆగడం అని. ‘గడ్డ’ తీసేసి “రక్తం కట్టట్లేదు” అంటే చాలు. తలలో గడ్డ ఉంది, రక్తం కట్టట్లేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టినా కొట్టుకోవు.

రాజోలు:
భలే చెప్పేరమ్మా.

అమలాపురం:
ఇదే చెప్తానండి వాళ్లమ్మకి. ఇంకొక్కటి. ఇవాళ పొద్దున్న “ఒంట్లో ఉప్పు తగ్గింది” అన్నారట. వాళ్ల పెద్దమ్మ ఉప్పేసిన మజ్జిగ పట్టుకుని బస్సెక్కుతానంటోంది.

కాకినాడ:
ఆపండి మాస్టారూ, ముందావిణ్ణి ఆపండి! వాళ్లన్నది సోడియం గురించి, 135 నుంచి 145 మధ్య ఉండాలి. తలదెబ్బలో హార్మోను అదుపు తప్పి ఒంట్లో నీరు నిలిచిపోయినా అది తగ్గుతుంది, మూత్రంలో ఉప్పు పోతున్నా తగ్గుతుంది. కాగితంలో అంకె ఒకటే గానీ వైద్యం ఎదురుబొదురు: ఒకదానికి నీళ్లు తగ్గించాల్సి రావచ్చు, ఇంకోదానికి సెలైన్ ఎక్కించాలి. ఏదో తేల్చడానికే మూత్రం కూడా పరీక్షకి పంపుతారు. కూరలో ఉప్పుకీ దీనికీ సంబంధం లేదు. పైగా తెలివి సరిగ్గా లేనివాడి నోట్లో మజ్జిగ పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. రేపు “షుగర్ పెరిగింది, తెల్లకణాలు పెరిగాయి” అని కూడా అనొచ్చు. షుగర్ జబ్బు లేనివాడికీ, చీము పట్టనివాడికీ, దెబ్బ ధాటికి మొదటి రోజుల్లో అవి పెరుగుతాయి. అది కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి.