వెనక కాళ్లు లేని కుషన్ కుర్చీలు మన ఉప్పుగాలికి ఆగుతాయా?

లాసన్స్‌బే_మేడమీద:
మా ఇల్లు విశాఖలో, లాసన్స్ బే కాలనీలో, బాల్కనీ తలుపు తీస్తే సముద్రపు గాలి తిన్నగా హాల్లోకే. పైన మేముంటాం, కింద మా ఆవిడ డెంటల్ క్లినిక్. డైనింగ్ టేబుల్‌కీ, పేషెంట్లు కూర్చోడానికీ ఒకే రకం కుర్చీలు తీసుకుందామని చూస్తున్నాం. స్టీలు పైపు ముందు నుంచి దిగి నేల మీద వెనక్కి వెళ్తుంది చూడండి, వెనక కాళ్లుండవు, కూర్చుంటే కాస్త ఊగుతుంది, క్యాంటిలీవర్ అంటున్నారు. సీటుకీ వీపుకీ గుడ్డ కుషన్. మా ఆవిడకి తెగ నచ్చేసింది. నా టెన్షన్ వేరే. మా బాల్కనీ గ్రిల్లుకే ఏటా రంగు వేయించాలి, మరి ఈ క్రోమ్ పైపు ఎన్నాళ్లు? పైగా 110 కిలోల మా బావగారు పండక్కొచ్చి కూర్చుంటే?

సిరిపురం_ఇంటీరియర్:
ముందు బావగారి సంగతి. ఊగుతోందంటే బలం లేదని కాదండీ, ఊగడానికే దాన్ని అలా చేస్తారు. 1926లో మార్ట్ స్టామ్ అనే డచ్ ఆర్కిటెక్టు గ్యాస్ పైపు ముక్కల్ని ఎల్బోలతో, అంటే మూల జాయింట్లతో, కలిపి ఇలాంటి కుర్చీ చేశాడు, అది బిర్రుగా ఉండేది, ఊగేది కాదు. మరుసటి ఏడాది స్టట్‌గార్ట్ ఎగ్జిబిషన్లో మీస్ వాన్ డెర్ రోహె పెట్టిన దాంట్లో ముందు కాళ్లని పెద్ద విల్లులా వంచేసరికి పైపే స్ప్రింగైంది. 1928లో మార్సెల్ బ్రాయర్ చేసిన కేన్ సీటు మోడల్‌కి నకళ్లు ఇప్పటికీ ఊరూరా దొరుకుతాయి. డిజైన్ నిలబడింది, నకలు చేసినవాడి పైపు నిలబడుతుందా అన్నదే చూసుకోవాలి. బరువంతా ముందు వంపుల మీద పడుతుంది కాబట్టి అక్కడ అతుకు ఉండకూడదు, ఒకే పైపు వంచి ఉండాలి.

ఆటోనగర్_పైపుపని:
పైవారు చెప్పింది కరెక్టే, కానీ షాపులో వంపు దగ్గర వేలు పెట్టి తడమండి. లోపలి వైపు ముడతపడి ఉన్నా, బయటి వైపు పలకలా నొక్కుకుపోయినా ఆ కుర్చీ వద్దు, విరిగితే అక్కడే విరుగుతుంది. 25 ఎంఎం పైపుకి గోడ మందం 2 ఎంఎం, అంటే 14 గేజ్, అడగండి. ధర తగ్గించాలంటే ముందు కోసేది ఈ మందమే, బయటికి కనపడదు కదా. ఇక స్టీలు. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి 304 స్టెయిన్‌లెస్ అని అమ్మేస్తారు, చౌక రకం స్టెయిన్‌లెస్ 202 కూడా అంటుకోదు! బిల్లు మీద గ్రేడు రాయించుకోండి. సముద్రం ఇంత దగ్గరుంటే 304 మీద కూడా టీ మరకల్లాంటివి వస్తాయి, తుడిస్తే పోతాయి. 316లో మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి బాగా ఆగుతుంది, ధర మాత్రం మండుతుంది.

పెదవాల్తేరు_పిన్ని:
ఎవరూ కింద పైపు గురించి చెప్పరేం? మా ఇంట్లో క్రోమ్ కుర్చీలు పైనుంచి చూస్తే అద్దంలా ఉండేవి, తిరగేస్తే నేలకి ఆనే పైపు పొక్కులు పొక్కులుగా తుప్పు. రోజూ ఫినాయిలు నీళ్లతో తడిగుడ్డ పెడతాం, ఆ తడి పైపు కింద నిలిచిపోతుంది. అమ్మిన షాపువాళ్లని అడిగితే "సీ ఏరియా కదమ్మా" అని ఓ నవ్వు నవ్వారు, కొనేటప్పుడు మాది అదే ఏరియా అని తెలీదా? ప్లాస్టిక్ బుష్‌లు ఉన్నవే తీసుకోండి, పైపు నేలకి అంటకూడదు. క్లినిక్‌లో నేలకి బ్లీచింగ్, యాసిడ్ వాడితే మాత్రం ఏ స్టీలూ ఆగదు. ఇంకోటి, చేతులు లేని మోడల్లోంచి మా అత్తగారు లేవలేకపోయేవారు, పట్టుకోడానికి ఏమీ లేదు, లేవబోతే సీటు కదులుతుంది. మోకాళ్ల నొప్పులున్న పేషెంట్లు వస్తారు కదా, క్లినిక్‌లో చేతులున్నవే వేయండి.

లాసన్స్‌బే_మేడమీద:
పిన్నిగారూ, చేతుల సంగతి మాకు తట్టనే లేదు. మరి కుషన్? రెగ్జినా, గుడ్డా?

సిరిపురం_ఇంటీరియర్:
పైన గుడ్డ, కింద క్లినిక్‌లో తుడిచే వీలున్న మంచి వినైల్ రెగ్జిన్. చౌక పీయూ లెదర్, అంటే గుడ్డ మీద ప్లాస్టిక్ పూత వేసిన నకిలీ తోలు, మన తేమకి పొరలు పొరలుగా ఊడి ప్యాంట్లకి అంటుకుంటుంది. ఫోమ్ 40 డెన్సిటీది, అంటే త్వరగా అణగిపోని గట్టిది, సీటు కింద ప్లై ఐఎస్ 710 ముద్ర ఉన్నది, అంటే నీటికి ఆగే మెరైన్ ప్లై. అన్నిటికంటే ముఖ్యం స్టేపుల్ పిన్నులు, మామూలువి తుప్పుపట్టి ఆ గోధుమరంగు గుడ్డ అంచుల్లోకి పాకుతుంది, స్టెయిన్‌లెస్ పిన్నులే కొట్టమనండి.

లాసన్స్‌బే_మేడమీద:
అయితే కింద చేతులున్న వినైల్‌వి 304లో, పైన గుడ్డవి పౌడర్ కోటింగ్‌లో, అదే మామూలు స్టీలు మీద పొడి రంగు చల్లి కాల్చింది, తీసుకుంటే?

ఆటోనగర్_పైపుపని:
తారుమారు చేశారు సార్. గాలి తగిలేది పైన, 304 అక్కడ వేయండి. కింద ఏసీ గది, తలుపు మూసే ఉంటుంది, పౌడర్ కోటింగ్ చాలు, కాకపోతే గీత పడ్డ చోట ఆ వారమే టచప్ చేయించండి. ఆర్డరిచ్చే ముందు ఒక్క కుర్చీ తెప్పించి బావగారిని కూర్చోబెట్టండి, సీటు వెనక్కి వంగి ఆయన లేవగానే పూర్తిగా మునుపటి ఎత్తుకి రావాలి. రాకపోతే పైపు పల్చన, తిప్పి పంపేయండి.