వలసా? బతకవోవుడా?

మొన్న ఆదివారం ఇంట్లో ఒక ఇంగ్లీషు సినిమా పెట్టుకున్నాం. హీరో అంటూ ఎవరూ లేరు. అమెరికాలో గ్రీన్ కార్డు కోసం తిప్పలు పడే నలుగురైదుగురి కథలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. ఏం సినిమా అని మా అవ్వ అడిగితే, "మెరుగైన జీవితం కోసం వలస వచ్చినవాళ్ల కథ" అన్నాను. నా మొహం చూసింది. విడమరచి చెప్పాక, "గట్ల చెప్పు. బతకవోయినోళ్లు" అంది.

మాది నారాయణపేట దిక్కు. బొంబాయి బస్సు టాపు మీద బట్టల మూటలు, బియ్యం సంచులు, తాడేసి కట్టిన గిన్నెల గంపలు చూస్తూ పెరిగినవాణ్ని. కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపుమేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని పెద్దవాళ్లు బస్సెక్కితే, పిల్లలు అవ్వల దగ్గర మిగిలేవారు. మా అవ్వ కూడా వయసులో రెండుసార్లు బొంబాయిలో మట్టి పనికి పోయొచ్చింది. ఆమె నోట ‘వలస’ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. అది పేపర్లో వచ్చే మాట. బ్రౌన్ నిఘంటువు (1852) చూస్తే, వలస అంటే శత్రుసేనకు భయపడి ఊరొదిలి పారిపోవడం. మావాళ్లను తరిమింది సైన్యం కాదు, కృష్ణ పక్కనే పారుతున్నా తడవని చేను.

ఇక వ్యాకరణం సంగతి. పుస్తకాల తెలుగులో ‘బతకబోయాడు’ అంటే ఇంకాస్తలో బతికేవాడే అనిపిస్తుంది, ‘పడబోయాడు’ లాగా. మా ‘బతకవోయిండు’లో పోవడం నిజంగా పోవడమే, బతకడానికి బస్సెక్కి. ‘బ’కూ ‘వ’కూ మధ్య ఇంత దూరం ఉందని అవ్వ చెప్పేదాకా నాకు తట్టలేదు.

అసలు అడగాలనుకున్నది ఇది. ‘పోయిండు’ తీసేసి ‘వచ్చిండు’ పెట్టండి. ‘బతకవోయినోడు’ అంటే జాలి. ‘బతకొచ్చినోడు’ అంటే తిట్టు. మనిషి అదే, పనీ అదే, మాట్లాడేవాడు నిలబడ్డ చోటు మారిందంతే. ఈ సినిమాకు తెలుగు సబ్‌టైటిల్స్ రాయమంటే ‘ఇమిగ్రెంట్’ అన్న చోటల్లా ఏం రాస్తారు? నేనైతే పాత్ర నోట ఒకటి, ఆఫీసరు నోట ఇంకొకటి రాస్తాను. ‘వలసదారు’ మాత్రం రాయను.

జవాబు (నల్లగొండ నుంచి):
అన్నా, మా దగ్గర ‘బతుకుదెరువుకు పోయిండు’ అంటాం. తెరువు అంటే దారి, దాన్ని మరిచిపోకు. మా నేతోళ్లు భివండి, షోలాపూర్ పోయిన్రు. వాళ్ల సంగతి అడిగితే వలస అనరు, పని అనరు, ‘భివండోళ్లు’ అంటరు. ఊరి పేరే ఇంటిపేరైపోయింది. ‘వలసదారు’ మీద నీకంత కోపమెందుకో నాకర్థం కాలే. సర్కారు కాగితంలో ‘బతకవోయినోడు’ అని రాస్తరా?

నా జవాబు:
కాగితంలో రాయరు తమ్ముడూ, ఒప్పుకుంటా. కానీ సినిమా కాగితం కాదు కదా. ‘భివండోళ్లు’ మాత్రం రాసిపెట్టుకున్నా. మా ఊళ్లో ‘బొంబాయోళ్లు’ అని ఒక ఇల్లుంది. వాళ్లు తిరిగొచ్చి ఇరవై ఏళ్లు దాటింది, పేరింకా పోలేదు.